జెట్ బోటు రోగ నిదానము

విశాఖపట్టణమునకు సముద్రముతోడి చుట్టరికము ఎంత ప్రాచీనమో, యంత్రముతోడి చుట్టరికము అంత నవీనము. 1933 లో ఇచ్చటి రేవు తెరవబడినది. 1948 మార్చి 14 న జవహర్‌లాల్ నెహ్రూ "జల ఉష" అను ఓడను ఇక్కడి నౌకానిర్మాణశాలనుండి జలప్రవేశము చేయించెను. పిదప ఉక్కు కర్మాగారమును వచ్చి, సముద్రపు హోరునకు కొలిమి హోరు తోడైనది. ఆ నౌకానిర్మాణశాలయే ఇటీవల తీరరక్షక దళమునకై "రాణీ అబ్బక్క" తరగతి గస్తీనౌకలను ఐదింటిని నిర్మించి యిచ్చినది. వానిలో కడపటిదైన "రాణీ రాష్మణి" 2018 లో ఈ పట్టణమునందే సేవలో ప్రవేశించెను. సుమారు 51 మీటర్ల పొడవుగల ఈ నౌకల వెనుక ప్రొపెల్లరు కానరాదు. మూడు డీసెల్ యంత్రములు మూడు జలధారలను వెనుకకు చిమ్ముచుండగా ఇవి 34 నాట్ల వేగముతో, అనగా గంటకు సుమారు 63 కిలోమీటర్ల చొప్పున, ముందుకు దూకును.

ఆ మహానౌకలను నడపు సూత్రమే ఋషికొండ తీరమున యాత్రికులను అలలపై త్రిప్పు చిన్న వాటర్ స్కూటరునకును, నలుగురైదుగురు కూర్చుండగల జెట్ బోటునకును ఆధారము. క్రొత్తది కొనుటకు స్తోమత చాలనివారు ఒకరు వాడి విడిచినదానిని కొందురు. కొన్న కొలది దినములకే, "ఇంజను రేస్ అవుతోంది గానీ బోటు లాగడం లేదండీ" అనియో, "మొదట్లో ఉన్న పికప్ ఇప్పుడు లేదు" అనియో మెకానిక్కు నొద్దకు వత్తురు. ఈ రెండు మాటలును ఒకే బాధను చెప్పుచున్నట్లు పైకి తోచును. నిజమునకు ఇవి రెండు వేరు వేరు రోగముల లక్షణములు. ఈ భేదము నెరుగక ముందుగా ఇంజను విప్పుట, ప్లగ్గులు మార్చుట, ఆపైని పంపు మార్చుట, చివరకు బోటునే అమ్ముకొనుట పరిపాటి యైనది. విప్పుటకు ముందు కొలువవలెను. జెట్ బోటు విషయమున ఆ కొలతను ప్రకృతియే మన చేతికి అందించినది. దాని నెట్లు చదువవలెనో చెప్పుటయే ఈ అధ్యాయపు ప్రయోజనము.

ధార చేయు పని

జెట్ బోటు అడుగున, వెనుకభాగమునకు చేరువగా, కడ్డీల జాలి అమర్చిన ద్వార మొకటి యుండును. దానిగుండ లోనికి చొచ్చిన నీరు, ఇంజను ఇరుసుతో తిరుగు ఇంపెల్లరు అను రెక్కల చక్రమునందు పడి శక్తిని పొంది, దాని వెనుకనే యున్న కదలని రెక్కల నడుమ తన సుడిని కోల్పోయి, సన్నని నాజిల్‌గుండ మహావేగముతో వెలికి దూకును. నీటిని వెనుకకు త్రోసిన బోటును నీరు ముందుకు త్రోయును. న్యూటన్ మూడవ సూత్రమునకు ఇంతకంటె స్పష్టమైన ప్రదర్శనము అరుదు. నాజిల్‌ను ప్రక్కకు త్రిప్పినచో బోటు తిరుగును. ధారకు అడ్డముగా బకెట్టు అను దోసిలివంటి మూతను దించినచో ధార ముందుకు మరలి, బోటు వెనుకకు నడచును.

ఈ యంత్రమునకు ఆచరణయోగ్యమైన రూపము నిచ్చినవాడు న్యూజీలండు దక్షిణ ద్వీపమున ఐరిష్‌మన్ క్రీక్ అను గొఱ్ఱెల క్షేత్రమునకు యజమానియైన విలియం హామిల్టన్. ఆ ప్రాంతపు నదులు లోతులేనివై, గులకరాళ్లపై పాయలు పాయలుగా పారునవి. అందు ప్రొపెల్లరు మొదటి రాతికే విరుగును. 1950 ల దశాబ్దమున అతడు నీటిధారతో బోటును నడుపుటకు యత్నించి, మొదట ధారను నీటి లోపలనే విడిచి, పిదప నాజిల్‌ను నీటిమట్టమునకు పైన గాలిలోనికి తెరచి చూడగా, వేగము గణనీయముగా పెరిగినది. 1960 లో అతని బోట్లు కొలరాడో నదీప్రవాహమునకు ఎదురెక్కి గ్రాండ్ కాన్యన్‌ను దాటినవి. 1977 లో ఎడ్మండ్ హిల్లరీ మూడు జెట్ బోట్లతో గంగాసాగరమున బయలుదేరి, గంగకు ఎదురీదుచు నందప్రయాగవరకు పోయి, అచ్చట జలపాతము అడ్డుపడగా మాత్రమే ఆగెను.

ధారయొక్క బలమును లెక్కకట్టుట కష్టముకాదు. సెకనుకు 200 కిలోల నీటిని సెకనుకు 30 మీటర్ల వేగముతో వెనుకకు చిమ్ము పంపు ఒకటి కలదనుకొందము. బోటు నిలిచియున్నప్పుడు అది కలిగించు త్రోపు 200 ను 30 తో గుణింపగా వచ్చు 6000 న్యూటన్లు, అనగా సుమారు 600 కిలోల బరువునకు సమానము. బోటే సెకనుకు 15 మీటర్ల వేగమును అందుకొన్న తరువాత, లోనికి వచ్చు నీటికి ముందే ఆ వేగము ఉన్నందున, క్రొత్తగా కలుగు మార్పు 15 మీటర్లే. త్రోపు 3000 న్యూటన్లకు దిగును. కావున ధారలోని నీటి పరిమాణము తగ్గినను, వేగము తగ్గినను, ఆ నష్టము అధికవేగమునందే తీవ్రముగా బయటపడును. రేవులో మెల్లగా తిరుగునప్పుడు ఆరోగ్యముగా తోచిన బోటు, బయటి సముద్రమున నీరసించుటకు కారణ మిదియే.

ముల్లు చెప్పు సాక్ష్యము

ప్రొపెల్లరు బహిరంగజలమున తిరుగును గనుక, దానిపై పడు భారము బోటు వేగమునుబట్టి మారుచుండును. జెట్ పంపు తన గొట్టములోపల తాను తిరుగును. బోటు కట్టుకొయ్యకు బిగించియున్నను, అలలపై పరుగిడుచున్నను, ఒక నిర్ణీత చక్రవేగమునకు అది కోరు శక్తి దాదాపు ఒక్కటే. ఆ శక్తి చక్రవేగముయొక్క ఘనమును అనుసరించి పెరుగును. చక్రవేగము రెండింతలైనచో శక్తి ఎనిమిదింతలు కావలెను. త్రాటిల్ పూర్తిగా తెరచినప్పుడు, ఇంజను ఇయ్యగల శక్తియు పంపు కోరు శక్తియు సరితూగిన చోట చక్రవేగము నిలుచును. కావున టాకోమీటరు ముల్లు కేవలము వేగసూచి మాత్రమే గాక, ఇంజను బలమును తూచు త్రాసు కూడ అగుచున్నది.

ఆరోగ్యముగా నున్ననాడు నిమిషమునకు 4500 చుట్లు తిరిగిన యంత్రము నేడు 4050 వద్ద ఆగినదనుకొందము. పదవవంతు తగ్గినది, అంతేగదా యని పలువురు ఉపేక్షింతురు. కాని 0.9 ని మూడుమార్లు గుణింపగా వచ్చునది 0.729. ఇంజను తన బలమున నూటికి 27 పాళ్లు కోల్పోయినదని ఆ ముల్లు చెప్పుచున్నది.

ఇందు శీతోష్ణస్థితికి ఇయ్యవలసిన తగ్గింపు కొంత కలదు. 15 డిగ్రీల చల్లని పొడిగాలిలో పరీక్షింపబడిన ఇంజను, విశాఖపట్టణమున మే నెల మధ్యాహ్నము 35 డిగ్రీల గాలిని పీల్చునప్పుడు, గాలి పలుచబడుటచే నూటికి ఆరేడు పాళ్లును, ఆ ఉక్కలోని నీటియావిరి ప్రాణవాయువు స్థానము నాక్రమించుటచే మరి నాలుగు పాళ్లును కోల్పోవును. మొత్తము పదవవంతు శక్తి తగ్గినచో, ఘనమూలసూత్రము ననుసరించి ముల్లు 4500 నుండి 4350 ప్రాంతమునకు దిగును. ఈ 150 చుట్లు ఋతువు తీసికొన్నవి. వానికై ఇంజను విప్పుట ధనవ్యయమే.

ఈ సాక్ష్యమును నమ్ముటకు ముందు సాక్షిని పరీక్షింపవలెను. పాత బోటులోని టాకోమీటరు ఉప్పుగాలికి చెడియుండవచ్చును. చేతిలో పట్టుకొను డిజిటల్ టాకోమీటరుతో దానిని సరిచూడవలెను. పూర్వపు యజమాని వేరొక వాలుగల ఇంపెల్లరును అమర్చియున్నచో తయారీదారు పుస్తకములోని సంఖ్య వర్తింపదు. చక్రపు నాభిపై చెక్కిన గుర్తును చదువవలెను. వేగమును జీపీఎస్‌తో కొలిచి, ఒకే దారిలో పోయి తిరిగివచ్చి సగటు తీసినచో, ప్రవాహముయొక్కయు గాలియొక్కయు ప్రభావము చాలవరకు తొలగిపోవును. ఇంతమాత్రము చేసిన పిదప రోగములు మూడు జాతులుగా విడిపోవును: ముల్లు మితిమించి ఎక్కి, బోటు కదలనిచో దోషము పంపుది, ముల్లు పైకి లేవనిచో ఇంజనుది, ముల్లు సరిగానే నిలిచియు వేగము లేనిచో పొట్టుది, అనగా బోటు దేహముది.

ముల్లు ఎక్కి, వేగము దిగినప్పుడు

పంపునకు చాలినంత నీరు అందకపోయినను, అందిన నీరు పట్టు తప్పినను, ఇంజనుపై భారము తగ్గి అది ఊరకే పరుగిడును. కారణము తరచుగా చాల సామాన్యమైనది. బోటును ట్రాలీపై గట్టున పెట్టి, తాళపుచెవిని తీసి జేబులో వేసికొని, అడుగునకు పోయి టార్చిలైటు వెలుగున జాలిని చూడవలెను. చేపలరేవు చుట్టుప్రక్కల తేలియాడు నైలాను వలపోగులు, ప్లాస్టిక్ సంచులు, త్రాటిముక్కలు జాలికి అడ్డుపడియుండవచ్చును. సన్నని పోగు జాలిని దాటి ఇరుసునకు చుట్టుకొని, వేడికి కరగి, నల్లని గట్టి కట్టుగా మారియుండవచ్చును. దానిని కత్తితో ఓపికగా కోసి తీయుటతోడనే సగము బోట్లు బాగుపడునని రేవులోని మెకానిక్కులు చెప్పుదురు. ఇంజను నడచుచుండగా ఆ ద్వారమున చేయి పెట్టరాదు. సమీపమున జారు బట్టలతోగాని విరబోసిన జుట్టుతోగాని ఎవరును ఈదరాదు. ఈ హెచ్చరికను ఎన్నిమార్లు చెప్పినను అధికము కాదు.

జాలి శుభ్రముగా నున్నచో ఇంపెల్లరును, దానిని చుట్టియున్న వేర్ రింగును పరీక్షింపవలెను. రెక్క అంచునకును రింగునకును మధ్య నుండవలసిన సందు మిల్లీమీటరులో కొంతభాగము మాత్రమే. చిన్న వాటర్ స్కూటరులలో అది మరింత సూక్ష్మము. సందు పెరిగినచో, వెనుక అధికపీడనమున నున్న నీరు ఆ సందుగుండ ముందుకు జారి, చిల్లుచేదతో తోడిన నీటివలె, చేసిన శ్రమలో కొంత వెనుకకే పోవుచుండును. ఫీలర్ గేజిని రెక్క చివర చుట్టును నాలుగైదు చోట్ల దూర్చి చూచినచో అరుగుదల ఎంతయో తేలును. ఒకవైపు ఎక్కువయు ఒకవైపు తక్కువయు ఉన్నచో బేరింగు అరిగినదని గ్రహింపవలెను.

ఈ అరుగుదల మన తీరమున ఏల త్వరితముగా జరుగునో తెలిసికొనుటకు భీమునిపట్టణపు ఇసుకను గుప్పెడు తీసి, ఎండలో అరచేతిపై పరచి చూడవలెను. తెల్లని రేణువుల నడుమ నల్లని ఇల్మనైటు, ఎఱ్ఱని గార్నెట్టు మెరయుచుండును. తూర్పుకనుమల శిలలు యుగయుగములుగా శిథిలమై నదులు, వాగులు తెచ్చి చేర్చిన భారఖనిజము లివి. గార్నెట్టు ఉక్కుకంటెను కఠినమైనది. ఇనుమునకు పట్టిన త్రుప్పును గీకుటకై కర్మాగారములలో దీనినే గాలితో చిమ్ముదురు. మోకాలిలోతు నీటిలో త్రాటిల్ తెరచి బోటును వేగముగా బయలుదేరదీయు చోదకుడు, ఎరుగకయే తన పంపులోనికి ఈ సానరాతిపొడిని పీల్చుచున్నాడు. నడుములోతు దాటువరకు బోటును చేతులతో త్రోసికొనిపోవుటకంటె చౌకయైన వైద్యము పంపునకు లేదు.

రెక్కల అంచులు రాళ్లు తగిలి మడతపడినను, గంట్లుపడినను మరియొక వింత సంభవించును. నీరు మరుగుటకు 100 డిగ్రీలు కావలెనని మనము బడిలో నేర్చితిమి. అది సాధారణ వాయుపీడనమున మాత్రమే. 30 డిగ్రీల నీరు, దానిపై పీడనమును వాతావరణపీడనములో సుమారు ఇరువదినాలుగవ వంతునకు దించినచో, వేడి చేయకయే మరుగును. వేగముగా తిరుగు రెక్క వెనుకవైపున పీడనము అంతగా పడిపోయినప్పుడు అసంఖ్యాకములైన ఆవిరిబుడగలు పుట్టి, మరుక్షణమే అధికపీడనప్రదేశమును చేరి పగులును. ప్రతి పగులును లోహముపై సూక్ష్మమైన సమ్మెటదెబ్బ. దీనిని క్యావిటేషన్ అందురు. 1894 లో చార్లెస్ పార్సన్స్ తన "టర్బీనియా" నౌకకు మహాశక్తిగల ఆవిరిటర్బైన్‌ను అమర్చియు, ఆశించిన వేగమును పొందలేకపోవుటకు కారణ మిదియే. అతడు ఒక్క ఇరుసును మూడు చేసి, తొమ్మిది ప్రొపెల్లర్లు అమర్చిన తరువాతనే 1897 నాటికి 34 నాట్లు సాధించెను. పంపులో గులకరాళ్లు దొర్లుచున్నట్లు చప్పుడగుటయు, రెక్కలపై తేనెపట్టువంటి గుంటలు పడుటయు దీని గుర్తులు. అంచులను ఆకురాయితో నునుపుచేసి పూర్వపు ఆకారమునకు తెచ్చుటకును, అవసరమైనచో పోతపోసి చెక్కించుటకును గాజువాక ఆటోనగరులో నైపుణ్యముగల లేత్ పనివారు కలరు. చప్పుడు లేకయే ముల్లు ఒక్కసారిగా ఎగిరిపడుచున్నచో, పంపునకును పొట్టునకును మధ్యనున్న సీలు చెడి గాలి చొరబడుచున్నదేమో చూడవలెను. గాలి మింగిన పంపు నీటిని పట్టలేదు.

ముల్లు పైకి లేవనప్పుడు

ఇంజనులో దోషమున్నదని తేలిన పిదపగూడ సులభమైనదానినుండియే ఆరంభింపవలెను. ఒకరు చోదకస్థానమున త్రాటిల్ లీవరును చివరివరకు త్రోసి పట్టుకొనగా, మరియొకరు ఇంజనువద్ద గాలిదారిలోని సీతాకోకరెక్క (త్రాటిల్ వాల్వు) పూర్తిగా తెరచుకొనుచున్నదా లేదా చూడవలెను. కేబులు సాగిపోయియో, ఉప్పుపట్టి బిగిసియో మూడువంతులే తెరచుకొనుటను రోగమనుకొని ఇంజనునంతయు విప్పినవారు కలరు.

తరువాతిది ఇంధనము. నేడు మన బంకులలో లభించు పెట్రోలున నూటికి 20 పాళ్లవరకు ఇథనాల్ కలిసియున్నది. ఇథనాల్ లీటరునకు ఇచ్చు వేడి పెట్రోలిచ్చు దానిలో సుమారు మూడింట రెండువంతులే. అంతకంటె ముఖ్యముగా, అది నీటిని ఆకర్షించును. సముద్రపుగాలి తగులు చోట, సగము ఖాళీగా నున్న ట్యాంకుతో వానకాలమంతయు మూలబడియున్న బోటులో, తేమ క్రమక్రమముగా ఇంధనమున చేరి, ఒక మితిని దాటగానే నీరును ఇథనాలును కలసి పెట్రోలునుండి విడివడి అడుగునకు దిగును. ఇంధనమును పీల్చు గొట్టపు నోరును అడుగుననే యుండును. ఫిల్టరులోని ద్రవమును ఒక గాజుసీసాలోనికి తీసి, గంటసేపు కదల్పక ఉంచినచో, పైపొరకును అడుగుపొరకును నడుమ స్పష్టమైన గీత కానవచ్చును. ఆ గీత కనబడినచో ట్యాంకును పూర్తిగా ఖాళీచేయుటయే మార్గము. చిన్నవేగమున బాగుగా నడచి, పూర్తివేగమున మాత్రము ఊపిరాడనట్లు తగ్గు ఇంజనునకు, ట్యాంకుమూత వదులుచేసి మరల నడిపిచూడవలెను. అంతటితో బాగుపడినచో గాలిరంధ్రము మూసికొనియున్నదని తెలియును.

ప్లగ్గులను విప్పి, సిలిండర్ల క్రమముననే వరుసగా గుడ్డపై పేర్చవలెను. లేత గోధుమవన్నె ఆరోగ్యచిహ్నము. పొడిమసి ఇంధనాధిక్యమును, తెల్లని పొక్కులు ఇంధనలోపమునో అతితాపమునో సూచించును. నాలుగింటిలో ఒక్కటి మాత్రము కడిగినట్లు శుభ్రముగానుండి, త్రుప్పుచార కలిగియున్నచో, ఆ సిలిండరులోనికి నీరు చేరుచున్నదని భయపడవలెను. పిదప కంప్రెషన్ గేజితో ప్రతి సిలిండరును కొలువవలెను. ఒకదానికొకటి నూటికి పదిపాళ్లకంటె ఎక్కువ భేదింపరాదు. తక్కువ చూపిన నాలుగుఘాతముల ఇంజను సిలిండరులో చెంచాడు నూనె పోసి మరల కొలిచినప్పుడు సంఖ్య పెరిగినచో రింగులును, పెరగనిచో వాల్వులును అనుమానింపదగినవి.

జెట్ బోటునకు ప్రత్యేకమైన మరియొక సంబంధ మున్నది. పలు నమూనాలలో ఇంజనును చల్లబరచు నీటిని ఈ పంపే తన పీడనముతో పంపును. ఇసుకయు ఉప్పును ఆ సన్నని దారులను పూడ్చినచో ఇంజను వేడెక్కును. ఆధునికమైన ఇంజనులోని కంప్యూటరు ఆ వేడిని గుర్తించి, ప్రాణరక్షణార్థము చక్రవేగమును తానే అణచును. అట్టియెడ రోగిగా కనబడుచున్న ఇంజను నిజముగా తన్నుతాను కాపాడుకొనుచున్నది. స్కానరుతో కోడు చదివించి, నీటిదారులను శుభ్రపరచుటయే దానికి చికిత్స. ప్రతిదినము పని ముగియగానే, తయారీదారు చెప్పిన పద్ధతిని, మంచినీటితో ఆ దారులను కడుగు అలవాటు గలవారికి ఈ బాధ అరుదు.

రెండును సరియై, వేగము లేనప్పుడు

ముల్లు చోటునకు చేరినది, పంపు నిర్దోషి. ఐనను బోటు మందగించినది. అప్పుడు ముందుగా బకెట్టు తీగ సడలి, మూత అంచు ధారకు తగులుచున్నదేమో చూచి, పిదప బరువును విచారింపవలెను. ఫైబరు బోట్ల నేలక్రింద తేలుటకై నింపిన నురుగు, ఏండ్లతరబడి చెమ్మతగిలి నీటిని పీల్చును. పైకి ఏమియు కానరాదు. లారీలు బారులుతీరు ఈ పట్టణమున వేబ్రిడ్జీలకు కొదువలేదు. ట్రాలీతో సహా బోటును తూచి, ఖాళీట్రాలీని తూచి తీసివేసి, తయారీదారు చెప్పిన బరువుతో పోల్చినచో, దాగియున్న నీరు కిలోలలో బయటపడును.

రెండవది జీవజాలము. రేవునీటిలో కట్టివేసిన బోటు అడుగున కొలదివారములలోనే నాచును, బార్నకిల్ చిప్పలును పట్టి, నునుపు పోయి, నీటి ఒరపిడి పెరుగును. విశాఖ రేవులో ఈ జీవులను ఆంధ్ర విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రజ్ఞులు ఆరేడు దశాబ్దములక్రిందటనే శ్రద్ధగా పరిశీలించిరి. మధ్య అమెరికా జలములకు చెందిన మైటిలాప్సిస్ సాలీ అను చిన్న ఆల్చిప్పజాతి 1967 ప్రాంతమున ఈ రేవులో కనబడి, గుత్తులుగుత్తులుగా పెరిగినది. ఓడలను అంటిపెట్టుకొని సముద్రములు దాటు జాతి యిది. 1999 లో ఇదే ప్రాణి ఆస్ట్రేలియాలోని డార్విన్ రేవున కానవచ్చినప్పుడు, అక్కడి ప్రభుత్వము బోట్ల ఆవరణలను మూసివేసి, క్లోరినుతోను మైలుతుత్తముతోను దానిని సమూలముగా నిర్మూలించినది. అంతటి ప్రయత్నమునకు కారణము లేకపోలేదు: ఇట్టి చిప్పలు పొట్టునకు మాత్రమే గాక, జాలికిని, పంపుగొట్టపు లోగోడలకును, చల్లనీటి దారులకును పట్టి, పైన చెప్పిన మూడు రోగములను ఒక్కసారిగా తేగలవు. పని లేనినాడు జెట్ బోటును నీటిలో విడువక గట్టున నుంచుటయే ఉత్తమము.

కొనుటకు ముందు, బాగుచేసిన పిదప

పాత బోటును కొనువారు రంగును, సీట్లను చూచి బేరమాడుట కంటె, అమ్మువానిని పూర్తి త్రాటిల్‌తో ఒక్క పావుగంట సముద్రమున నడుపుమని కోరి, ముల్లును, జీపీఎస్ వేగమును, వేడిమాపకమును వ్రాసికొనుట శ్రేయస్కరము. చల్లని ఇంజనుతో రెండునిమిషములు తిప్పిచూపు పరీక్ష, వేడెక్కిన తరువాతగాని బయటపడని దోషములను దాచును. గట్టుకు చేరిన పిదప జాలిలోనికి టార్చి వేసి రెక్కలను చూచుట, సీసాలోనికి ఇంధనము తీయుట, ప్లగ్గులు విప్పుట, ఇవన్నియు ఒక ఉదయమున ముగియు పనులు. వానికి నిరాకరించు అమ్మువానియొద్ద కొనకుండుటయే మేలు.

బాగుచేసిన దినముననే చేయవలసిన పని మరియొకటి కలదు. బోటు తన పూర్ణారోగ్యముతో నడచినప్పటి చక్రవేగము, పడవవేగము, ఇంజను వేడి, నాటి గాలివేడిమి, ఎక్కినవారి సంఖ్య, ఈ ఐదింటిని ఒక నోటుపుస్తకమున తేదీతో వ్రాసి, నెలకొకమారు అదే దారిలో నడిపి క్రొత్త సంఖ్యలను దాని క్రింద చేర్చుచుండవలెను. 4500 క్రమముగా 4450 కును, 4400 కును దిగుచున్న వరుస, ఇంజను నీరసమును అది ఎవరి చెవికిని అందని దశలోనే చూపును. చక్రవేగము పెరుగుచు పడవవేగము తగ్గుచున్న వరుస, రింగు అరుగుచున్నదని ముందే తెలుపును. అలలలో చిక్కినవానిని అందుకొనుటకు పరుగెత్తు రక్షకుని బోటునకైనను, యాత్రికులను ఎక్కించుకొని కుటుంబమును పోషించుకొను యువకుని బోటునకైనను, అవసరమైన క్షణమున వేగము లభించుట ప్రాణసమానము. ఆ వేగమును అదృష్టమునకు విడువక, ఐదు అంకెలు వ్రాసి కాపాడుకొనవచ్చును. అందులకు కావలసిన సాధనములు చాలవరకు బోటులోనే యున్నవి.